అడవి మనిషికి ఒక మాట

నేను నా జీవితంలో తీసినవన్నీ అడవి బొమ్మలే. కావాలని తీయలేదు. మద్రాసులో ఆఫీసు తెరిచినప్పుడు నా మనసులో ఉన్నది ఒక కుటుంబ కథ. ఇద్దరు అన్నదమ్ములు, ఒక ఉమ్మడి ఆస్తి, మధ్యలో ఒక మంచి వదిన. కోవూరులో వరి పండించే ఇంట్లో పుట్టినవాడికి అంతకంటే బాగా తెలిసిన కథ ఏముంటుంది? కానీ ఆ రోజుల్లో అలాంటి కథలు తీసేవాళ్ళు మద్రాసులో వీధికి ఇద్దరు ఉండేవారు. మంచి వదిన వేషాలు వేసే ఆవిడ ఎవరికీ దొరికేది కాదు. బొమ్మలు కొని ఊళ్ళలో ఆడించుకునే బయ్యరు ఒకాయన నన్ను కూర్చోబెట్టి, "వదినలు శానామంది ఉండారు, పులులే తక్కువ. పులితో తియ్యి" అన్నాడు. అలా యాభైల చివర్లో అడవిలోకి వెళ్ళినవాణ్ణి, అరవైలు అయిపోవస్తున్నా బయటికి రాలేదు.

మా జిల్లాలో పడమటి కొండల వైపు నిజమైన అడవి ఉంది. వెళ్ళి చూసి వచ్చాను. అక్కడ నిజమైన పులులు కూడా ఉన్నాయని చెప్పారు. అందుకని తూర్పు వైపు, జువ్వలదిన్నె దగ్గర సముద్రపు ఒడ్డున మా బావకు ఉన్న సరుగుడు తోటలో తీయాలని నిర్ణయించాను. సరుగుడు చెట్లు పొడుగ్గా, దట్టంగా ఉంటాయి, గాలికి అడవిలాగే హోరుమంటాయి. ఒక్కటే చిక్కు. కట్టెల కోసం నాటిన తోట కాబట్టి చెట్లన్నీ వరసల్లో ఉంటాయి. కెమెరా మనిషి మొదటిరోజు కెమెరాలోంచి చూసి, "సార్, ఈ అడవిని ఎవరో నాటినట్టు ఉంది" అన్నాడు. నాటారు, మా బావ నాటాడు అని చెప్పాను. ఆ తర్వాత నాలుగు బొమ్మలూ కెమెరాను ఐమూలగా పెట్టే తీశాం. ఊడలు లేకపోతే పడవ మోకులకు గుమ్మడి తీగలు చుట్టి వేలాడదీశాం. హీరో వాటిని పట్టుకొని ఊగుతుంటే కింద జాలర్లు వల పట్టుకొని నిలబడేవారు. ఒక షాటులో ఏనుగు వెనకనుంచి తెరచాప ఒకటి నెమ్మదిగా పోతూ కనిపిస్తుంది. దాని గురించి ఇప్పటివరకూ ఎవరూ అడగలేదు.

మొదటి బొమ్మకు మద్రాసు నుంచి ఒక వస్తాదును తెచ్చాను. కండలు చాలా బాగుండేవి. సర్కసు వాళ్ళ పులిని బోనులోంచి దించి చెట్టుకు కట్టగానే, ఆయన వచ్చిన కారులోనే తిరిగి వెళ్ళిపోయాడు. పులి ఆయన వంక చూడను కూడా లేదు. అది ముసలిది, మధ్యాహ్నం నిద్ర దానికి అలవాటు. యూనిట్టంతా భోంచేసి చెట్ల కింద నడుము వాల్చితే నేనొక్కణ్ణే తోటలో అటూ ఇటూ తిరుగుతూ బయ్యరును తిట్టుకుంటున్నాను. అప్పుడు కనిపించాడు అతను. ఇద్దరు మోయాల్సిన సరుగుడు మానును ఒక్కడే భుజాన వేసుకొని బండి దగ్గరికి నడుస్తున్నాడు. దారిలో గొలుసుతో కట్టిన పులి అడ్డంగా పడుకొని ఉంది. అతను ఆగి, దాన్ని చూసి, చుట్టు తిరిగి వెళ్ళాడు.

"భయం లేదా?" అని అడిగాను.

"నిద్రపోతా ఉండాది గదన్నా, పాపం. లేపడం ఎందుకు?" అన్నాడు.

అల్లూరు దగ్గర ఒక పల్లెలో క్రైస్తవుల ఇల్లు వాళ్ళది. తండ్రి లేడు. చూపు పోయిన తల్లి ఒక్కతే ఇంట్లో. కట్టెలు నరికి బండ్లకెత్తడం అతని పని. సినిమా అనగానే ఆలోచించుకుంటానని చెప్పి, మర్నాడు వచ్చి రెండు షరతులు పెట్టాడు. ఆదివారం గుడి మానడు. నడుముకు చుట్టే చారల గుడ్డ మోకాళ్ళ కిందికి ఉండాలి, లేకపోతే సంఘంలో బాగుండదు. రెంటికీ ఒప్పుకున్నాను. అందుకే మా అడవి మనిషి పులితో కుస్తీ పట్టేటప్పుడు కూడా పెళ్ళికి పోతున్నవాడిలా ఉంటాడు.

అతనికి మాటలు లేవు. కథ ప్రకారం పసితనం నుంచి ఏనుగుల మధ్య పెరిగాడు కాబట్టి భాష రాదు. అసలు కారణం అతని గొంతు. అంత పెద్ద మనిషిలోంచి, విస్తరి ముందు కూర్చోమని చుట్టాన్ని పిలిచేంత మెత్తటి గొంతు వచ్చేది. కనీసం అడవి దద్దరిల్లే కేక ఒకటైనా పెట్టించాలని సముద్రం ఒడ్డున నిలబెట్టి అరవమన్నాను. అతను ఊపిరంతా బిగబట్టి అరిచాడు. ఏనుగు మేత మేస్తూనే ఉంది. మావటివాడు మాత్రం దగ్గరికి వచ్చి, ఏమన్నా కావాలా అని అడిగాడు. ఆ కేకను చివరికి మద్రాసులో, నాటకాల్లో రాక్షస వేషాలు కట్టే ఒక పెద్దాయన చేత అరిపించాం. బొమ్మ ఆడింది. నెల్లూరులో సైకిలు షాపుల దగ్గర కుర్రాళ్ళు ఆ కేక పెట్టేవారు. బయ్యరు రెండోది తీయమన్నాడు. నేను కుటుంబ కథ సంగతి ఎత్తితే, "తీద్దాం, అడవిలో" అన్నాడు.

ఇక అతని తల్లి సంగతి చెప్పాలి. నేను తీసిన బొమ్మలన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది అదే.

వాళ్ళ సంఘంలో సినిమా చూడకూడదు. చూసినట్టు తేలితే, నెలనెలా గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు కొంతకాలం రానివ్వరు. సినిమాలో వేషం వేయకూడదని మాత్రం ఎక్కడా లేదు. అంతదాకా వస్తుందని ఎవరూ అనుకోలేదు. కాబట్టి అతను వేషం వేయొచ్చు, వేసిన వేషాన్ని చూడకూడదు. చూడలేదు కూడా. మా బొమ్మలు ఊరూరా ఆడుతుంటే, వాటిని చూడని మనిషి అతనొక్కడే అని నా అనుమానం. ఎందుకంటే ఆ సంఘంలో మిగతావాళ్ళు దాదాపు అందరూ చూశారు. సినిమా డేరాలో నేల మీద ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకొని కూర్చునేవారు. పక్కవాడిదీ తువ్వాలే కాబట్టి ఎవరూ ఎవరినీ గుర్తుపట్టేవారు కాదు.

పల్లెకు కాలవ అడ్డం. కాలవ అవతల బయల్లో ఎండాకాలమంతా టూరింగు టాకీసు డేరా వేసేవారు. లౌడుస్పీకరు మోత కాలవ దాటి నేరుగా ఆ తల్లి కూర్చునే అరుగు మీదికి వచ్చేది. ఆమె సినిమాకు పోయి ఎరగదు. కానీ ఇంట్లో కూర్చుంటే వినపడేదానికి ఆమె ఏం చేస్తుంది? అలా విని విని తెలుగు దేశంలో వేషాలు వేసే ప్రతి ఒక్కరి గొంతూ ఆమెకు తెలుసు. ఎవరు ఎవరికి మొగుడో, ఎవరు ఎప్పుడు ఏడుస్తారో చెప్పేది. మా మొదటి బొమ్మ ఆ డేరాకు వచ్చినప్పుడు మొదటి నుంచి చివరిదాకా విన్నది. కొడుకు గొంతు ఎక్కడా లేదు.

"పులితో కొట్లాడింది నేనేనమ్మా" అన్నాడట అతను.

"పులి అరిసింది ఇన్నాను. నువ్వు అరవలేదే. పులి మీద పడితే అరవకుండా ఉంటార్రా ఎవురన్నా?"

"అరిసినాను గానీ, ఆ అరుపు వేరే ఆయనది."

"అరుపు నీది కాదు, మాట నీది కాదు. మరి నువ్వు చేసిందేంది?"

"నేను సూళ్ళేదు గదమ్మా. బాగా చేసినానని అంటా ఉండారు" అన్నాడు అతను. నిజాయితీగా చెప్పిన ఆ ఒక్క మాటతో ఆమెకు అనుమానం పూర్తిగా నిశ్చయమైపోయింది. కొడుకు మద్రాసువాళ్ళ దగ్గర ఏదో మూటలు మోసే పని చేస్తున్నాడు, సిగ్గుపడి తల్లికి హీరోనని చెప్పుకుంటున్నాడు అనుకుంది. వీధిలో పిల్లలు అతన్ని చూసి "అడివోడా!" అని వెంటపడేవారు. అది అభిమానం. ఆమె మాత్రం ఎగతాళి అనుకొని, చేతికర్ర పట్టుకొని శబ్దం వచ్చిన వైపు లేచేది.

వాళ్ళ గుడిలో ప్రార్థన మనవులని ఉంటాయి. ఆరాధనలో ఒక సమయాన ఎవరికి ఏ కష్టం ఉన్నా లేచి నిలబడి పైకి చెప్పుకోవాలి, సంఘమంతా వాళ్ళ కోసం ప్రార్థన చేస్తుంది. ఒకరికి జ్వరం, ఒకరికి గేదె, ఒకరికి అల్లుడు. ఒక ఆదివారం నేను అతన్ని షూటింగుకు తీసుకుపోదామని వెళ్ళి, ఆరాధన అయ్యేదాకా వెనక చాప మీద కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి ఆమె లేచింది.

"నా బిడ్డ మద్రాసోళ్ళ దగ్గర ఏ కూలిపని చేసినా నాకు సిగ్గు లేదయ్యా. వాడు కట్టపడి తెచ్చి పెడతా ఉండాడు, తింటా ఉండాను. వాడి నోటికి అబద్ధం ఒక్కటి అలవాటైంది. అది మాన్పించమని మీరంతా ప్రార్థన చెయ్యండి."

సంఘమంతా తలలు వంచి ప్రార్థన చేసింది. ఆమేన్ అని గట్టిగా అన్నవాళ్ళలో కొందరి గొంతులు నేను డేరాలో, హీరో తీగ పట్టుకొని దూకేటప్పుడు విన్నవే. వాళ్ళలో ఒక్కరు లేచి, "లేదమ్మా, నీ కొడుకు నిజమే చెప్తా ఉండాడు, మేం చూసినాం" అంటే చాలు. అనలేరు. చూసినాం అన్న మాటతో బల్ల పోతుంది. అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరు, ఆయనకూ తెలియదు. తెలియకుండా ఉండటానికి ఆయన చాలా జాగ్రత్త పడేవాడు. పోస్టరు అంటించిన గోడ రాకుండా చుట్టు తిరిగి నడిచేవాడు. మగవాళ్ళ వైపు, ముందు వరసలో, ఏనుగును ఆపే ఆ మనిషి తల వంచుకొని కూర్చొని ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సంఘం మీద, అయ్యగారి మీద, ఏమీ పలకకుండా కూర్చున్న అతని మీద, అందరి మీదా.

బయటికి రాగానే ఆమె దగ్గరికి వెళ్ళాను. "పెద్దమ్మా, ఆ బొమ్మ తీసింది నేను. నీ కొడుకే హీరో" అని చెప్పాను.

ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది. "నువ్వు మంచోడివబ్బయా. వాడి మీద ఇష్టంతో నువ్వు గూడా చెప్తా ఉండావు" అని, నా కోసం కూడా ప్రార్థన చేస్తానన్నది. పై ఆదివారం చేసిందని తర్వాత తెలిసింది.

రెండో బొమ్మ అయింది, మూడోది అయింది. రెండోదాంట్లో పులి చచ్చిపోతే దానికి బదులు చిరుత వచ్చింది. మూడోదాంట్లో మా బావ తోట నరికించే ఏడు వచ్చి, షూటింగు ఒకవైపు సాగుతుంటే అడవి రెండోవైపు నుంచి తగ్గుతూ వచ్చింది. ప్రతి బొమ్మా కాలవ అవతల డేరాకు వచ్చేది, ఆమె వినేది, కొడుకు ఉండేవాడు కాదు. ప్రతి ఆదివారం లేచి అదే మనవి చెప్పుకునేది. అతను ఏనాడూ నన్ను ఏమీ అడగలేదు. నేనే రెండుసార్లు బయ్యరు దగ్గర, హీరో చేత ఏదన్నా ఒక మాట అనిపిద్దామని ఎత్తాను. "మాట్లాడితే వాడు మామూలు మనిషి అయిపోతాడు. మామూలు మనుషుల్ని చూడటానికి జనం టిక్కెట్టు ఎందుకు కొంటారు?" అన్నాడాయన.

నాలుగోది మొదలుపెట్టే ముందు అతను, నరకగా మిగిలిన తోటలో నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చాలాసేపు ఇసుకను కాలితో గెలుకుతూ ఉన్నాడు.

"అన్నా, అమ్మకు చెవులు గూడా పోతా ఉండాయి. పక్కన కూసోని గట్టిగా చెప్తేనే వినపడతా ఉండాది. ఈ బొమ్మలో ఒక్క మాట ఇప్పించన్నా. మళ్ళా బొమ్మకు ఆమెకు వినపడదు."

"ఏం మాట కావాలి?"

"నేనేనమ్మా, అంటే చాలు. దినామూ ఇంట్లోకి పొయ్యేటప్పుడు అదే చెప్తాను. ఆమెకు కనపడదు గదా."

బయ్యరు దగ్గరికి వెళ్ళి, ఈసారి హీరో మాట్లాడతాడు, ఇష్టమైతే కొనుక్కో అన్నాను. ఆయన దానికి బదులుగా గుహలో ఒక డాన్సు పెట్టమన్నాడు. పెట్టాను. ఇక మిగిలింది మాటలు రాసే ఆయన. కథ చివర్లో అడవి మనిషి తప్పిపోయిన పిల్లను తెచ్చి తల్లికి అప్పగిస్తాడు. చీకట్లో ఆ తల్లి "ఎవరు నాయనా అది?" అంటుంది. అక్కడ ఈ మాట పెట్టమన్నాను.

"వీళ్ళిద్దరూ ఎప్పుడూ కలవలేదు సార్. నేనే అంటే ఏ నేను అనుకుంటుంది ఆవిడ?" అన్నాడు రచయిత.

"అనుకోనీ."

"అసలు ఇతనికి భాష ఎవరు నేర్పారు?"

"ఏనుగులు" అన్నాను. ఆయన రాసి ఇచ్చాడు గానీ, టైటిల్సులో తన పేరు కొంచెం చిన్నగా వేయమని కోరాడు.

మద్రాసు స్టూడియోలో మైకు ముందు నిలబెట్టినప్పుడు, అంత మెత్తగా కాదు, వీరుడిలా చెప్పమని సౌండు ఇంజనీరు అన్నాడు. వీరుడిలా చెపితే వాళ్ళమ్మ గుర్తుపట్టదని నేను అడ్డం పడ్డాను. ఇంటి వాకిట్లో చెప్పినట్టే చెప్పాడు. నేను అద్దం వెనక నిలబడి విన్నాను. మూడు బొమ్మల నుంచి అతని గొంతు బాగాలేదని నవ్వుకున్నవాణ్ణి, ఆ మాట విన్నాక అది మంచి గొంతని ఒప్పుకున్నాను.

నెల్లూరులో బొమ్మ విడుదలైన రోజు ఆ మాట దగ్గర హాలు లేచిపోయింది. అన్నేళ్ళు నోరు విప్పనివాడు నోరు విప్పేసరికి జనం ఈలలు, కేకలు, పైకి విసిరిన తువ్వాళ్ళు. బయ్యరు నన్ను కౌగిలించుకున్నాడు. నేను కూడా పొంగిపోయాను. బొమ్మ పల్లె దగ్గరి డేరాకు వచ్చిన సాయంత్రం, పనిగట్టుకొని వెళ్ళి ఆ తల్లి పక్కన అరుగు మీద కూర్చున్నాను. ఆమె చెవి వెనక చెయ్యి పెట్టుకొని వింటున్నది. చివరి ఘట్టం వచ్చింది. "ఎవరు నాయనా అది?" అన్న మాట వినపడింది. వెంటనే కాలవ అవతల నుంచి ఒక పెద్ద హోరు వచ్చింది.

"ఏందబ్బయా, డేరా కూలిందా?" అన్నది ఆమె.

మర్నాడూ అంతే. అసలు ఆ కేక పెట్టడానికే జనం మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. డేరా యజమానిని బతిమాలితే, నిశ్శబ్దంగా చూడవలెనని తెర మీద స్లైడు వేశాడు. స్లైడుకు కూడా ఈలలు వేశారు. ఇంకో వారానికి బొమ్మ వేరే ఊరికి పోతుంది. ఇంకో బొమ్మ తీసేదాకా ఆ చెవులు ఆగవు. అతను నన్ను చూసి, "పోనీలేన్నా, నువ్వు చేయగలిగింది చేసినావు" అన్నాడు. అది విన్నాక నేను తిన్నగా అయ్యగారి ఇంటికి వెళ్ళాను.

ఆయన వరండాలో కూర్చొని ఉన్నాడు. మా సంభాషణలో సినిమా అన్న మాట రాకుండా ఇద్దరం జాగ్రత్తపడ్డాం.

"అయ్యగారూ, కాలవ అవతల ఒకచోట సాయంత్రాలు మీ సంఘంలో ఒకతను ఒక మాట అంటున్నాడు. వాళ్ళమ్మకు అది వినపడాలి. జనం అరుపుల్లో వినపడటం లేదు."

"అరిచేది ఎవరు?"

"చీకట్లో పేర్లు తెలియవు. కొందరి గొంతులు మాత్రం మీ గుడి పాటల్లో విన్నట్టుంది."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "నాకు తెలియని చోటు గురించి నేనేం చెప్పగలను?" అన్నాడు. నేను కోపంగానే లేచి వచ్చేశాను.

ఆదివారం గుడిలో వెనక చాప మీద కూర్చున్నాను. ఆమె మామూలుగానే లేచి కొడుకు అబద్ధం గురించి చెప్పుకున్నది. అందరూ ప్రార్థన చేశారు. ఆఖర్న అయ్యగారు ప్రకటనలు చదివాడు. ఒక పెళ్ళి, కప్పు మరమ్మతు, ఆ తర్వాత ఇది.

"వచ్చే శనివారం సాయంత్రం ప్రార్థన కూడిక ఉండదు. ఆ సాయంత్రం సంఘస్తులు ఎవరు ఎక్కడ ఉన్నప్పటికీ, ఆ చోట మౌనంగా ఉండవలెను. ముఖ్యంగా చివరి భాగంలో."

చివరి భాగమని ఆయనకు ఎలా తెలిసిందో ఎవరూ అడగలేదు. పక్క ఊళ్ళకు నేను చెప్పి రావాల్సిన పని కూడా లేకపోయింది. కాలవ ఇటువైపు అనుకున్న మాట అటువైపుకు ఎప్పుడూ తొందరగానే పోయేది.

శనివారం పొద్దు గూకే వేళకు వాళ్ళింటికి వెళ్ళాను. పల్లెలో మనుషుల అలికిడి లేదు. ఇళ్ళకు గొళ్ళేలు పెట్టి ఉన్నాయి. అయ్యగారి ఇంటికి కూడా పెట్టి ఉంది. అరుగు మీద తల్లి, ఆమె పక్కన గోడకు ఆనుకొని కొడుకు. అతను డేరాకు పోకూడదు కదా. డేరా యజమాని మంచివాడు, లౌడుస్పీకరు మూతిని పల్లె వైపుకు తిప్పి కట్టించాడు.

"అందరూ ఏమైపోయినారబ్బయా? వీధిలో పలుకే లేదు" అన్నది ఆమె.

"పనుల మీద పోయినట్టున్నారు పెద్దమ్మా" అని గట్టిగా చెప్పాను.

బొమ్మ మొదలైంది. చిరుత గాండ్రించింది, డప్పులు మోగాయి, రాక్షస వేషాల పెద్దాయన కేక పెట్టాడు. గుహలో డాన్సు వచ్చినప్పుడు ఆమె ఆవలించింది. తీగ పట్టుకొని దూకే ఘట్టంలో మామూలుగా పడే ఈలలు ఒక్కటీ పడలేదు. ఆ ఊళ్ళో డేరా అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. చంకలో పిల్లలు ఏడవడం కూడా లేదు. నేను పెట్టుబడి పెట్టిన ఏ బొమ్మ విడుదల రోజునా అంత భయపడలేదు.

"రీలు తెగిందా ఏంది?" అని ఆమె మెడ సాచి, చెవి వెనక చెయ్యి పెట్టుకుంది.

"ఎవరు నాయనా అది?" అన్నది లౌడుస్పీకరులో ముసలి గొంతు.

"నేనేనమ్మా."

"వచ్చినావా, కాళ్ళు కడుక్కోని రా. అన్నం పెడతాను" అన్నది ఆమె, కాలవ వైపు ముఖం తిప్పి.

అని అడుగుల చప్పుడు కోసం చూసింది. ఎవరూ రాలేదు. కాలవ అవతల ఇంకా ఒక్కరు కూడా అరవలేదు. ఆమె చెయ్యి అరుగు మీద తడుముకుంటూ పోయి పక్కన కూర్చున్నవాడి మోకాలికి తగిలింది. అక్కణ్ణుంచి భుజానికి, చెంపకు, నోటికి వెళ్ళింది. అతని నోరు మూసే ఉంది.

"నువ్వు ఈడనే ఉండావే" అన్నది.

"ఉండానమ్మా."

"మరి ఆడ పలికింది ఎవురు?"

"నేనేనమ్మా."

ఆమె ఆ చెయ్యి అతని నోటి మీదనుంచి తీయలేదు. నేను లేచి వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను. ఏడుపు ఆగలేదు, ఆపుకోవాలని కూడా అనిపించలేదు. వెనకనుంచి ఆమె మాటలు వినపడుతున్నాయి.

"ఇన్నేండ్లు నిన్ను అబద్ధాలకోరని అందరి ముందర నిలబెట్టినానే నాయనా. ప్రతి ఆదివారమూ నిలబెట్టినానే. ఒక్క దినమన్నా లేసి, కాదమ్మా, ఊరుకో అని అనకపోతివే?"

ఆమెకు వినపడేట్టు అతను ఆ మెత్తటి గొంతుతోనే గట్టిగా చెప్పాడు.

"నువ్వు నాకోసం ప్రార్థన చేస్తా ఉంటే, వద్దని ఎట్ట చెప్పేదమ్మా?"